ఐస్‌క్రీం డబ్బాలో మట్టి

ఆస్ట్రేలియాకు నేల మీద దాటే సరిహద్దు లేదు. చుట్టూ సముద్రమే. అయినా దేశానికి అవతలి కొసన, వేరే రాష్ట్రంలో ఉన్న పెర్త్‌కి మేము బయలుదేరిన ఉదయం, పారమట్టాలో మా పక్క ఫ్లాట్‌లో ఉండే మిత్రుడు మా క్యాంపర్‌వ్యాన్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చి అన్నాడు:

"పెర్త్ అంటే ఇంకో కంట్రీయే గురూ. బోర్డర్‌లో పాస్‌పోర్ట్ ఒక్కటే అడగరు. మిగతావన్నీ అడుగుతారు. పళ్లు, కూరలు, ఆఖరికి ఉల్లిపాయలు కూడా లాగేసుకుంటారు."

"ఉల్లిపాయలు కూడానా అన్నయ్యా?" అంది నా భార్య.

"తేనె కూడానమ్మా. మీ ఆయన్ని మాత్రం వదిలేస్తార్లే. వైటూకే సరుకు, డేట్ అయిపోయింది."

ముగ్గురం నవ్వాం. ఆమె నవ్వగా చూసి అప్పటికి చాలా నెలలైంది.

అతను చెప్పింది నిజమే. ఒక బీమా కంపెనీ పాత ప్రోగ్రాములలో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలు చెయ్యడానికి నన్ను ఈ దేశానికి రప్పించారు. రెండువేల సంవత్సరం జనవరి ఒకటో తేదీన ఏమీ జరగలేదు. ఏమీ జరగకుండా చూడడమే మా పని కాబట్టి, మార్చి దాటేసరికి మా అవసరమూ లేకుండా పోయింది. పెర్త్‌లో ఆరు నెలల కాంట్రాక్టు ఒకటి దొరికింది. అద్దెకిచ్చే వ్యాన్ ఒకటి ఆ ఊరికి చేర్చాల్సి ఉందని, నడుపుకుంటూ వెళ్తే దాదాపు ఊరికే ఇస్తామని అన్నారు. వెనక ఒక మంచం, గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్. మా సామానంతా అందులో పట్టింది. అంత తక్కువ ఉండేది మా దగ్గర.

అంతకు ముందు నవంబరులో మాకు బాబు పుట్టాడు. నెలలు నిండలేదు. ఒక పగలూ ఒక రాత్రీ బతికాడు. పసిబిడ్డలను దహనం చెయ్యరని, పేరు పెట్టని బిడ్డకు కర్మ కూడా ఉండదని మా అత్తగారు ఫోన్లో చెప్పింది. పిల్లల కోసం విడిగా ఉంచిన గడ్డినేలలో ఒక మూల పాతిపెట్టాం. నాలుగో రోజు నేను ఆఫీసుకి వెళ్లాను. ఆ డిసెంబరులో మాకెవరికీ సెలవులు లేవు. ఈ మాట అప్పట్లో అందరికీ చెప్పేవాణ్ని, ఎవరూ అడగకపోయినా.

అక్కడ ఏమీ నాటకూడదని నియమం. గడ్డి కోసే యంత్రానికి అడ్డం వస్తుందట. రంగుకాగితాల గాలిపంకాలు మాత్రం గుచ్చుకోవచ్చు. వరసగా తిరుగుతున్న ఆ పంకాలను చూసి, "ఎగ్జిబిషన్‌లా ఉందండీ," అని ఆమె మొహం తిప్పుకుంది. మేము ఏమీ గుచ్చలేదు.

జనవరిలో ఒక ఆదివారం, పూలసీసాకి నీళ్లు పట్టడానికి నేను కుళాయి దగ్గరికి వెళ్లాను. వెనక్కి తిరిగి చూస్తే ఆమె మోకాళ్ల మీద కూర్చుని, చెంచాతో గడ్డి అంచు ఎత్తి, మట్టి తీసి టిఫిన్ డబ్బాలో వేసుకుంటోంది. తొందరపడడం లేదు. జాడీలోంచి ఆవకాయ తీసేటప్పుడు ఉండే జాగ్రత్త అది. నేను కుళాయి దగ్గరే ఉండిపోయాను. సీసా నిండి చేతుల మీదుగా పొర్లింది. ఆమె మూత పెట్టి, డబ్బా సంచిలో దాచుకున్నాక వెళ్లాను. నేను చూడలేదని అనుకుంది. అలాగే అనుకోనిచ్చాను.

రెండు మూడు వారాలు అలాగే జరిగింది. తర్వాత బాల్కనీలో రెండు లీటర్ల ఐస్‌క్రీం డబ్బా కనిపించింది. దాని నిండా మట్టి, మట్టి మీద మెంతి మొలకలు. మెంతికూర అమ్మే కొట్టు దగ్గరలో లేని రోజులు. మావాళ్లంతా ఇళ్లల్లో అలా పెంచుకునేవాళ్లే. కానీ ఆమె దాన్ని కొయ్యలేదు. మొలిచేది, ముదిరేది, వాలిపోయేది. వాలినదాన్ని అదే మట్టిలో కలిపేసి మళ్లీ గింజలు చల్లేది. పొద్దున్నే కాఫీ కప్పుతో దాని ముందు కూర్చునేది. నాతో మాట్లాడని మాటలు అక్కడ మాట్లాడేదో లేదో తెలియదు. తలుపు అద్దంలోంచి ఒకసారి చూసి నేను ఆఫీసుకి వెళ్లిపోయేవాణ్ని.

వ్యాన్‌లో ఆ డబ్బాకి తువ్వాలు చుట్టి, సింకు పక్కన కదలకుండా పెట్టుకుంది. మూడు రోజులు అలాగే వచ్చింది. సెడూనా అనే ఊరు దాటాక చెట్లు తగ్గిపోయాయి. తిన్నటి రోడ్డు, రెండు పక్కలా బూడిదరంగు పొదలు. అవతలి పంటలకి పురుగులూ తెగుళ్లూ సోకకుండా, సరిహద్దుకి ముందే పళ్లూ కూరలూ తినెయ్యండి, లేదా వదిలెయ్యండి అని బోర్డులు రావడం మొదలైంది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఒక చోట ఆపి ఆమె ఉన్న కూరలన్నీ తరిగింది. క్యాబేజీ, బీన్సు, నాలుగు బంగాళాదుంపలు, టమాటాలు, ఉల్లిపాయలన్నీ.

"దీన్నేం కూరంటారండీ?"

"బోర్డర్ కూర."

"బావుంది. అరటిపళ్లు మీకు మూడు, నాకు రెండు. తినండి. గవర్నమెంటుకి పెట్టే బదులు మీ పొట్టకి పెట్టండి."

ఆ పూట ఆమె గొంతులో పాత మనిషి వినిపించింది. అప్పుడే నేను అడిగాను, ఏమీ ఎరగనట్టు:

"ఆ మెంతికూర కూడా కోసెయ్యకపోయావా?"

గరిటె ఆగింది. "లేతగా ఉందండీ. ఉండనివ్వండి."

తిన్నాక నేను అద్దం తుడుస్తుంటే, ఆమె వెనక తలుపు తీసి మంచం కింద అరలో ఉన్న రైస్‌కుక్కర్ అట్టపెట్టెలో ఆ డబ్బాని పెట్టింది. పైన ఒక చీర కప్పింది. వ్యాన్ పక్క అద్దంలో నాకంతా కనిపించింది.

సరిహద్దు దగ్గర రేకుల షెడ్డు, అడ్డంగా ఒక గేటు. వెడల్పు టోపీ పెట్టుకున్న అధికారి, మర్యాదస్తుడు. ప్రయాణం ఎలా ఉందని అడిగాడు. పళ్లు, కూరలు, మొక్కలు, విత్తనాలు, మట్టి ఏవైనా ఉన్నాయా అని అడిగాడు. ఆమె లేవంది. ఫ్రిజ్ తెరిచి చూశాడు. పోపులపెట్టె మూత తీసి వాసన చూసి, "స్మెల్స్ గుడ్," అని పెట్టేశాడు. కిందికి దిగి, "దట్స్ ఇట్?" అన్నాడు.

అది మామూలు ప్రశ్న. అవునంటే గేటు తెరిచేవాడు.

మా పర్మనెంట్ రెసిడెన్సీ అప్లికేషన్ అప్పటికి పరిశీలనలో ఉంది. తప్పుడు డిక్లరేషన్ అన్న మాట ఎక్కడ కనిపించినా ఆ కాగితం మళ్లీ మొదటినుంచి చదివే రోజులు. చాలా ఏళ్లు నాకు నేను ఈ కారణమే చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు. కానీ అదొక్కటే కాదు. ఆ డబ్బా నా కళ్లముందు లేకుండా పోవాలని కూడా నాకు ఉంది. ఆ పూట ఆమె నవ్వింది. అది లేకపోతే రేపు కూడా నవ్వుతుందనుకున్నాను.

"ఇంకొకటుంది," అన్నాను. "మొక్కలు. మట్టి. మంచం కింద."

ఆమె నా వైపు చూడలేదు. తనే వెళ్లి అట్టపెట్టె తెరిచి, చీర తీసి, డబ్బా రెండు చేతులతో పట్టుకొచ్చింది. అధికారి కోప్పడలేదు. చెప్పినందుకు నాకు థాంక్స్ చెప్పాడు. ఇవి ఏ గింజలని అడిగితే నేనే పోపులపెట్టెలో మెంతుల గిన్నె చూపించాను. అవి కూడా ఒంపుకున్నాడు. పచ్చ మూత ఉన్న పెద్ద చెత్తడబ్బా తెరిచి, "మీరే వేస్తారా?" అని ఆమెను అడిగాడు.

ఆమె వేసింది. అడుగున అంటుకున్నది రాలేదు. వేళ్లతో తీసింది. డబ్బా ఇచ్చెయ్యమంటే, కడిగిస్తే ఉంచుకోవచ్చా అని ఇంగ్లీషులో అడిగింది. అతనే కుళాయి దగ్గర కడిగి, బ్రష్షుతో మూలలు కూడా రుద్ది ఇచ్చాడు. చేతులు కడుక్కోమని ఆమెకు సబ్బు చూపించాడు. ఆమె చాలాసేపు కడుక్కోలేదు. తర్వాత కడుక్కుంది.

గేటు దాటాక గడియారాలు వెనక్కి తిప్పుకోమని బోర్డు ఉంది. నేను తిప్పాను. ఇరవై కిలోమీటర్లు వచ్చాం. ఖాళీ డబ్బా ఆమె ఒళ్లో ఉంది.

"అది బాబు దగ్గరి మట్టండీ," అంది.

బండి పక్కకి ఆపాను. స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాను. అది చూసి, ఇప్పుడే విని తట్టుకోలేకపోతున్నానని ఆమె అనుకుంది. నా వీపు నిమిరింది.

"మీకు తెలీదు కదండీ. నేనే చెప్పలేదు. మీ తప్పేముంది?"

నేను తల ఎత్తలేదు.

"తెలిసుంటే మీరు చెప్పేవారు కాదు. నాకు తెలుసు."

అప్పుడైనా చెప్పాల్సింది. ఆ ఎండలో, ఒక్క బండి కూడా రాని రోడ్డు మీద, నాకు కావలసినంత సమయం ఉంది. నేను తల ఎత్తి గేరు వేశాను.

పెర్త్‌లో ఆమె మళ్లీ మెంతులు చల్లలేదు. డబ్బాలో కొన్నాళ్లు బొంబాయి రవ్వ పోసింది. మాకు మళ్లీ పిల్లలు పుట్టలేదు. రెసిడెన్సీ వచ్చింది. బంధువుల ముందు నన్ను మెచ్చుకోవలసి వస్తే, "ఈయనకి అబద్ధం చెప్పడం రాదు. ఆ ఒక్కటీ చాలు నాకు," అనేది. ఎన్నిసార్లు అందో, అన్నిసార్లూ నేను లేచి వేరే గదిలోకి వెళ్లాను. మెచ్చుకుంటే ఈయనకి సిగ్గని వాళ్లకి చెప్పేది.

ఆమె పోయి రెండేళ్లవుతోంది. ఆస్పత్రిలో ఆఖరి నెల మాకు మాట్లాడుకోవడానికి సమయం బాగానే ఉండేది. చెబుదామని రెండుసార్లు కుర్చీ మంచం దగ్గరికి జరుపుకున్నాను. మొదటిసారి ఆమె నిద్రలోకి జారిపోయింది. రెండోసారి మెలకువగానే ఉంది. నా మొహం చూసి, "ఏంటండీ, చెప్పండి," అంది.

"మంచినీళ్లు కావాలా?" అన్నాను.

దాహం లేకపోయినా రెండు గుక్కలు తాగింది.