కర్పూరం ఎవరిది

ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారూ నేనూ పరస్పర అంగీకారంతో విడిపోయాక, కొన్నాళ్లు అటూ ఇటూ తిరిగి, విశాఖలో ఒక కాలేజీ ల్యాబులో సీసాలు కడిగే పనిలో కుదిరాను. రెండు వేల సంవత్సరం దాటిన రోజులు. అక్కడ పరిశోధన చేసే అమ్మాయిది పద్మనాభం దగ్గర పల్లె. వాళ్ల వరిచేలో మట్టి తెచ్చి, అందులోని బాక్టీరియాను ఫ్లాస్కుల్లో పెంచేది. తొలివానకి లేచే మట్టివాసన ఇలాంటి వాటి సరుకేనట.

దసరాకి ల్యాబులో ఆయుధపూజ ఆనవాయితీ. ఆమె పరిశోధన చూసే గైడు సారే కొబ్బరికాయ కొట్టారు. నేను మైక్రోస్కోపుకి బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించి గదంతా తిప్పాను. సెలవులయ్యాక ఆ అమ్మాయి ఒక ఫ్లాస్కు మూతి దూది తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. మట్టివాసన, దాని వెనకే కర్పూరం.

"బాబాయ్, ఇలాంటివన్నీ ఐదేసి కర్బనాల ముక్కలతో కడతాది బాక్టీరియా. ఐదు, పది, పదిహేను. ఈ కర్పూరం వాసనకి మాత్రం పదికి ఇంకోటి తగిలించి పదకొండు సేసిందనుకుంతన్నాను."

"కొసరు అడిగి మరీ తీసుకుందా? అయితే మీ ఊరిదే, డౌటు లేదు."

అప్పుడే సారొచ్చి వాసన చూశారు. మొహం మాడింది.

"ఏమయ్యా, ఇది నువ్వు తిప్పిన కర్పూరం కాదని ఏంటి నమ్మకం?"

నెలాఖరుకి ఆమె ఫెలోషిప్ అయిపోతుంది. వాసన బాక్టీరియాది కాదంటే ఇన్నాళ్ల పనీ తూములోకే.

ఆమె పూజకి ముందే ఫ్రిజ్‌లో దాచిన గొట్టంలోంచి బాక్టీరియా తీసి, మేడమీది ఖాళీ గదిలో మళ్లీ పెంచింది. మూడు ఫ్లాస్కుల్లో బాక్టీరియా తినే గంజి ఒకటే. బాక్టీరియా మాత్రం ఒక్కదాంట్లోనే.

"నువ్వు గుమ్మం దాటకు బాబాయ్. నీ సొక్కా నిండా అగరొత్తులే."

తెరిచే రోజు ఏది ఏదో తెలియకుండా ఫ్లాస్కులకి పేపరు చుట్టింది. సారు కళ్లు మూసుకున్నారు. మొదటిది పీల్చి, "ఉడికిన గంజి" అన్నారు. రెండోదీ అంతే. ఆమె మూడోది అందించింది. సారు పీల్చారు. మళ్లీ పీల్చారు.

"కర్పూరమే. ఈ గదిలోకి ఎవరూ రాలేదు కదా?"

"తాళం ఏసే ఉంచాను సార్."

"పేపరు తియ్యమ్మా."

లోపల చిక్కటి మడ్డి, బాక్టీరియా పెరిగిన ఫ్లాస్కే.

"వాసన బాక్టీరియాదేనని రాసెయ్యి. నెలాఖరు దాకా ఆగకు."

ఆమె కళ్లు తుడుచుకుంటూ వచ్చి, గుమ్మం అవతల నిలబడ్డ నాకు ఫ్లాస్కు అందించబోయింది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. నా చొక్కా నిండా ఇంకా అగరొత్తులే మరి.