ఖాసింబీ ఇంట మొదటి ముద్ద

హిందూపురంలో పరుపులు కుట్టేవాళ్ళు చాలామందే ఉన్నా, బూరుగు దూది పరుపు కావాలంటే జనం ఖాసింబీ ఇల్లే చూపిస్తారు. ఆమె నోటికి జడిసేవాళ్ళు కూడా ఆమె కుట్టిన పరుపు మీదే హాయిగా నిద్రపోతారు. ఎవరైనా బేరమాడితే, "నేలమీద పండుకోప్పా, అది ఊరికే వస్తాది" అంటుంది. గుమ్మం పక్కన గోడకానుకుని, ఎడమచేత్తో దిండ్లలోకి దూది కూరుతున్న మనుమరాలు ఫరీన్ ఆ మాటకు పకపకా నవ్వుతుంది. ఫరీన్‌కు పుట్టినప్పటి నుంచీ కాళ్ళు నిలబడవు, మాట పలకదు. అన్నం ముద్ద పట్టుకుంటే చెయ్యి వణికి ఒలికిపోతుంది కాబట్టి, ఎంత ఎదిగినా అవ్వే తినిపించాలి. ఆ నవ్వు వినబడిన రోజు బేరం పోయినా ఖాసింబీకి దిగులుండదు.

ఆ పిల్లకొక అలవాటుంది. ఎవరు ముద్ద పెట్టబోయినా మణికట్టు పట్టుకుని, ఆ చేతిని వాళ్ళ నోటికే తోస్తుంది. వాళ్ళు తిన్నాకే తను నోరు తెరుస్తుంది. ఎదురింటి లక్ష్మక్క బెల్లం ఓళిగలు తెచ్చిన ప్రతిసారీ మురిసిపోయి, తనకు పెట్టకుండా పిల్ల ముట్టదని, ఎంత ప్రేమో చూడండని వీధంతా చెప్పుకుంటుంది. ఖాసింబీ అవునని గానీ కాదని గానీ అనదు. అది తను కూర్చోబెట్టి నేర్పించిన జాగ్రత్త అని ఆమెకొక్కదానికే తెలుసు.

ఖాసింబీకి ఒక్కతే కూతురు, నస్రీన్. ధర్మవరంలో మగ్గం నేసే షాకిర్‌కిచ్చి పెళ్ళి చేసింది. మొదట ఫరీన్ అలా పుట్టింది, తర్వాత ఫిరోజ్ కూడా అలాగే పుట్టాడు. రెండో బిడ్డను చూశాక షాకిర్ బెంగళూరులో పని ఉందని పోయి మళ్ళీ తిరిగి చూడలేదు, మహానుభావుడు. నస్రీన్ ఇద్దరినీ మోసుకుని ఆస్పత్రులు తిరిగింది, పెనుకొండ దర్గాకు తిరిగింది. తిరిగే ఓపిక అయిపోయాక పీర్ల పండగ వచ్చింది. పండగకని కూతురింటికి వెళ్ళిన ఖాసింబీ గోధుమ రొట్టెలు చిదిపి, బెల్లం కలిపి మలీద చేసింది. ఇరుగుపొరుగుకు పంచి వచ్చేసరికి ఇల్లంతా పురుగుల మందు వాసన. ఫిరోజ్ తల్లి ఒడిలో వాలిపోయి ఉన్నాడు. నస్రీన్ పిల్లలకు పెట్టాకే తనూ ఒక ముద్ద మింగి, ఫరీన్‌కు రెండో ముద్ద పెట్టబోతుంటే ఖాసింబీ ఆ చెయ్యి పట్టుకుంది. పిల్లవాడు ఆస్పత్రి చేరకముందే పోయాడు. తల్లీ కూతురూ బతికారు.

కొడుకును చంపినందుకు, కూతురిని చంపబోయినందుకు నస్రీన్ మీద కేసు పెట్టారు. కళ్ళారా చూసిన సాక్షి ఖాసింబీ ఒక్కతే. చూడలేదని ఒక్క మాట అంటే కేసు నిలవదని వకీలు చెప్పాడు. కడుపున పుట్టినదాన్ని ఎవరైనా జైలుకు పంపుతారా అని చుట్టాలందరూ మీదపడ్డారు.

"దాని కడుపున పుట్టిండేది ఈడ ఉండాది కదప్పా. దీన్ని యాడికి పంపల్ల?" అంది ఖాసింబీ.

బోనెక్కి జడ్జి ముందు ఉన్నదున్నట్టు చెప్పింది. "మలీద నేను చేసినా సామీ. మందు కలిపి పిల్లోళ్లకు పెట్టింది నా కూతురు. నేను చూసినా."

ఆ తర్వాత కోర్టు మెట్ల మీద కూలబడి గుండెలు బాదుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, రాతిగుండెదని తనను తిట్టిన చుట్టాలకు నాలుగు తిట్లు తిరిగి అప్పజెప్పింది. కుండకు మూకుడుంది గానీ ఊరి నోటికి మూకుడు లేదంటారు. ఆమె అలాంటి మూకుడు కోసం వెతకనూ లేదు. ఫరీన్‌ను చంకనేసుకుని హిందూపురం వచ్చేసి, మొట్టమొదట ఆ మొదటి ముద్ద సంగతే నేర్పించింది. నస్రీన్‌కు జైలుశిక్ష పడింది. ఆ తల్లి పడ్డ పాట్లు చూసి పై కోర్టు దాన్ని కొంత తగ్గించింది.

ఈ ఏడు నస్రీన్ విడుదలైంది. ఫరీన్‌ను ఒక్కసారి చూపించమని కబురు పెట్టింది. ఇంటికి రమ్మందామంటే, ఖాసింబీ పరుపులు ఇచ్చి రావడానికి పోయినప్పుడు ఆ ఇంట్లో వాళ్ళిద్దరే ఉంటారు. అది తలచుకుంటే ఆమెకు రమ్మనే ధైర్యం చాలదు. వద్దందామంటే కన్నపేగు తరుక్కుపోతుంది. ఎటూ తేల్చుకోలేక పెనుకొండ దర్గాకు రమ్మంది. అన్నేళ్ళుగా ముట్టని మలీద ఫిరోజ్ పేరున మళ్ళీ చేసి, ఫరీన్‌ను రైలెక్కించి తీసుకుపోయింది.

నస్రీన్ సన్నబడింది. చెవుల పక్క జుట్టు నెరిసింది. కూతురి దగ్గరికి రావడానికి జంకి, దూరంగా గోడ నీడన కూర్చుంది. ఫిరోజ్ కోసం ఫాతెహా చదివించాక ఖాసింబీ గిన్నె తీసుకుపోయి ఆమె చేతిలో పెట్టింది.

"పెట్టు," అంది. కళ్ళు మాత్రం ఆ చేతిమీదనుంచి తియ్యలేదు.

నస్రీన్ ముద్ద చేసి కూతురి నోటి దగ్గర పెట్టింది. ఫరీన్ ఆమె ముఖం కాసేపు చూసింది. మణికట్టు పట్టుకుని ఆ చేతిని ఆమె నోటికే తోసింది. పక్కనున్న ఆడవాళ్ళు చూసి, ఎంతైనా తల్లి కదా, గుర్తుపట్టి తనే తినిపిస్తోందని కళ్ళు తుడుచుకున్నారు. నస్రీన్‌కు అసలు సంగతి అర్థమైంది. ముద్ద నమిలింది, మింగింది. నోరు తెరిచి కూతురికి చూపించింది.

"నువ్వు నేర్పిచ్చినావా మా?"

"ఊఁ. నేనే."

"మంచి పని చేసినావు. నేను పక్కనుండేటప్పుడు కూడా మాన్పిచ్చొద్దు."

అప్పటికే ఫరీన్ నోరు తెరుచుకుని, ఇంకా పెట్టరేమని గునుస్తోంది. నస్రీన్ రెండో ముద్ద పెట్టింది, మూడోది పెట్టింది. బెల్లం తక్కువైందని తన మలీదను తనే తిట్టుకుంటూ ఖాసింబీ కొంగుతో ముఖం తుడుచుకుంది. గిన్నె ఖాళీ అయ్యాక లేచి, మనుమరాలి కుడిచంక కింద చెయ్యి వేసింది.

"ఆ పక్క నువ్వు పట్టుకో. హిందూపురం బండికి టైమైతాండాది."