ఎత్తకూడని ఫోను

మా అన్న ఫోను చేస్తే నేను ఎత్తకూడదు. అది మా ఇద్దరి మధ్య రూలు. ఒక్కసారి మోగి ఆగిపోతే పడవ ఒడ్డుకొచ్చిందని. రెండుసార్లు మోగి ఆగితే మళ్లీ వేటకి బయల్దేరుతోందని. నేను బరంపురంలో కాలేజీ చదివేటప్పుడు, మాటకి పైసలయ్యే కాలంలో పుట్టిన రూలది. ఇప్పుడు మాటలు దాదాపు ఉచితం. కానీ ధర పడిపోయేసరికి మా దగ్గర సరుకు అయిపోయింది.

అన్న బోట్లలో పనికి మంగుళూరు వెళ్లి చాలా ఏళ్లయింది. గోపాల్‌పూర్ ఒడ్డున వల పట్టినవాళ్లలో సగంమందికి ఆ వల చివర ఒక ‘స’ తగులుకుని వలసైపోయింది. నాకా చిక్కు రాలేదు. చిన్నప్పుడు పడవెక్కించిన ప్రతిసారీ తిన్నదంతా సముద్రానికే అప్పజెప్పి వచ్చేవాణ్ని. “ఈడు సేపలకి మేత పెట్టీడానికే పుట్టినాడు, సదివించండి” అని తీర్పు చెప్పింది అన్నే. అలా అన్న సముద్రపు తెరల మీదికీ, నేను కంప్యూటర్ తెర ముందుకీ చేరాం.

ఆ రోజుల్లో అన్న మాటల పుట్ట. సాయంత్రాలు ఇసకలో కూర్చుని, వల అంచు కాలి బొటనవేలికి తగిలించుకుని చిరుగులు అల్లుకుంటూ పోయేవాడు. ఎదురుగా రెండో అంచు నాది. ఆ వలలో పడ్డ చేపలకన్నా అది బాగుచేస్తూ చెప్పిన అబద్ధాలే ఎక్కువుంటాయి. ఒక తిమింగలం తనని పేరు పెట్టి పిలిచిందట.

“మరి నువ్వేటన్నావన్నియ్యా?”

“నానేటంటాను? పనిలో ఉన్నాను, రేపు రమ్మన్నాను.”

వల అయిపోతే కథ ఆగిపోతుందని, నా వైపు చిరుగులు ఒకటో రెండో మడతలో దాచేవాణ్ని. అన్నకి తెలిసే ఉంటుంది. మర్నాడు వాటి దగ్గర్నుంచే మొదలుపెట్టేవాడు.

ఇప్పుడు నా ఉద్యోగం బరంపురంలో, పట్టుచీరల దుకాణం మేడ మీద చిన్న ఆఫీసులో. కింద వాళ్లకి పట్టు, పైన మాకు పట్టు చిక్కని ప్రోగ్రాములు. వేటకెళ్లేవాళ్ల ఫోన్లకి గాలి సంగతులూ చేపల ధరలూ తెలుగులోనూ ఒడియాలోనూ పంపడం మా పని. ఎర్లాంగ్ అనే భాషలో రాస్తాం. అందులో పనంతా ఒకడి నెత్తిన పెట్టరు. వేలకొద్దీ బుల్లి పనివాళ్లకి పంచుతారు. ప్రాసెస్‌లంటాం వాళ్లని. ఎవడి బుర్ర వాడిదే, ఒకడి జ్ఞాపకంలోకి ఇంకొకడు తొంగిచూడలేడు. ఏదైనా తెలియాలంటే కబురు పంపాలి. అది అవతలివాడి పెట్టెలో పడుతుంది, వీలున్నప్పుడు తీసి చూసుకుంటాడు. ఇదంతా మాకు నేర్పినాయన, అలవాటు పడటానికి టైము పడుతుందని హెచ్చరించాడు. మా ఇంట్లో పుట్టినవాడికి పట్టలేదు.

మిస్డ్ కాల్ కూడా ఉంది అందులో. దూరపు కంప్యూటర్లో ఉన్న పనివాణ్ని కాసేపటికోసారి ‘ఉన్నావా?’ అని అడుగుతాం. ‘ఉన్నాను’ అంటే తెర మీద పచ్చచుక్క.

దసరాలు వెళ్లాక ఒక పొద్దున్న గోపాల్‌పూర్ నుంచి ఫోన్ల మీద ఫోన్లు, చేపల ధరలు రాలేదని. తెర మీద చూస్తే అన్నీ పచ్చచుక్కలే. లోపలికి దిగి వెతికితే, ధరలు పంపాల్సినవాడు ఎవరి దగ్గర్నుంచో రావాల్సిన జవాబు కోసం ఎదురుచూస్తూ బిగుసుకుపోయి ఉన్నాడు. వాడి పెట్టెలో విప్పని కబుర్లు గుట్టపడిపోయాయి. మరి ‘ఉన్నాను’ అంటున్నదెవరు? వాడి పనికి అడ్డం రాకుండా, ఆ ఒక్క ముక్క చెప్పడానికి పక్కన ఇంకొకణ్ని కూర్చోబెట్టాం. వాడు నిక్షేపంగా ఉన్నాడు.

బిగుసుకున్నవాణ్ని ఆపి మళ్లీ మొదలుపెట్టాం. ఆ భాషలో అది తప్పు కాదు, పద్ధతే. ధరలు వెళ్లాయి. నాకు మాత్రం ఆ గుట్ట కళ్ల ముందు నుంచి పోలేదు.

సాయంత్రం గోపాల్‌పూర్‌లో ఇంటికెళ్తే వదిన కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది. వదినతో అన్న ఫోనులో మాట్లాడతాడు.

“ఏటంటన్నాడు వదినా అన్నియ్య?”

“ఏటంటాడు? గేస్ అయిపోనాదేటి, పిల్ల బడికెల్తందేటి. ఎలగున్నావంటే బావున్నానంటాడు.”

“నిజంగా బావున్నాడా?”

వదిన తలెత్తింది. “నీకు మిస్డ్ కాలు కొట్టలేదేటి మరిదీ?”

“కొట్టాడు.”

“మరింకేటి? మీ అన్నదమ్ముల బాస నాకేటి తెల్సు?” అని చేప తల తీసి పక్కన పెట్టి, నెమ్మదిగా అంది. “ఈ మజ్జిన మాట తగ్గిపోనాది. ఫోనుల గాలే ఇనిపిస్తంది.”

తర్వాత పడవ ఒడ్డుకొచ్చినప్పుడు నేను ఆఫీసు బాల్కనీలో ఉన్నాను. ఫోను మోగింది. మోత పూర్తికాకుండానే ఎత్తేశాను.

అవతల ఇంజను చప్పుడు, అర్థంకాని భాషలో అరుపులు.

“ఎవుల్రా?”

“నేనే అన్నియ్యా.”

“ఎందుకెత్తినావు? ఎవులికేటైంది? పిల్ల బావుందా?”

“అందరూ బావున్నారు. ఊరికే ఎత్తాను.”

“ఊరికే ఎవులైనా ఎత్తుతారేట్రా? గుండె ఆగిపోనాది.”

“ఎలా ఉన్నావు?”

“బావున్నాను.”

ఆ జవాబు చెప్పింది, పచ్చచుక్క కోసం కూర్చోబెట్టిన పక్కవాడని నాకు తెలుసు. ఏమడగాలో తోచక నోటికొచ్చింది అడిగేశాను.

“ఆ తిమింగలం మళ్లీ కనబడిందా?”

ఇంజను చప్పుడు దూరమైంది, పక్కకి నడిచినట్టున్నాడు.

“ఈపక్క తిమింగలాలకి తెలుగు రాదురా,” అన్నాడు. గొంతు తగ్గించి, “మనూరోలిద్దరూ ఏరే బోటుకెల్లిపోనారు. ఈ బోటుల నానొక్కడినే. పని బానే ఉందిగానీ... మాటాడక నోరు బిగిసిపోనట్టుంటంది. రేత్రి కల్లో...”

ఎవరో గట్టిగా కేకేశారు. “సరే, ఉంటాన్రా,” అని పెట్టేశాడు. కలలో ఏమిటో నా దాకా రాలేదు.

నాలుగు రోజులకి పడవ మళ్లీ బయల్దేరింది. ఆ వేళకి నేను ఆఫీసు కింద హోటల్లో ఇడ్లీ తిని, చట్నీ చెయ్యి కడుక్కుంటున్నాను. ఫోను బల్ల మీద ఉంది. మోగింది. మళ్లీ మోగింది. రెండు, బయల్దేరుతున్నాడు, సరే అనుకుని చేతికి సబ్బు రాసుకున్నాను.

మూడోసారి మోగింది.

మూడుకి మా రూలులో అర్థం లేదు. తడిచేత్తో పరుగెత్తాను. బల్ల దగ్గరికి చేరేసరికి ఆగిపోయింది. ఇన్నేళ్లలో నిజంగా మిస్ అయిన కాలు అదొక్కటే. తిరిగి చేస్తే అందుబాటులో లేరని కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ చెప్పింది. తెలుగులో చెప్పలేదు.

ఎర్లాంగ్‌లో కబురు కోసం ఆగేటప్పుడు ఎంతసేపు ఆగాలో రాసుకోవచ్చు. రాయకపోతే వచ్చేదాకా ఆగుతుంది. ఆఫీసులో రాయకుండా ఎవరైనా వదిలేస్తే నేనే సణుగుతాను.

“కంచం ముందర కూడా ఫోనేటి మరిదీ?” అంది ఆ రాత్రి వదిన. “బోటు ఇప్పుడప్పుడే రాదు. వచ్చీదాకా అలగే పట్టుకుంటావేటి?”

“వచ్చీదాకా,” అన్నాను. ఎడంచేతిలో ఫోను పట్టుకునే అన్నం కలిపాను.