గదిలో లేనివాళ్ళ వకీలు

మావయ్యకు చెడ్డ అలవాట్లు లేవు. ఉన్నదల్లా ఒకే ఒక్క అలవాటు, అది మంచిదో చెడ్డదో ఇంతవరకూ ఇంట్లో ఎవరూ తేల్చలేదు. గదిలో ఎవరు లేకపోతే ఆయన వాళ్ళ పక్షం. ఎదురుగా ఉన్నవాడు ఎంత ఆప్తుడైనా వాడి మాట చెల్లదు. అక్కడ లేనివాడు ఎంత పనికిమాలినవాడైనా వాడి తరఫున వాదించడానికి మావయ్య సిద్ధం. ఆ లేనివాడు గుమ్మంలో అడుగుపెట్టాడంటే వాణ్ణి అక్కడికక్కడే వదిలేసి, ఇంకా ఎవరు రాలేదా అని చుట్టూ చూస్తాడు.

ఒకసారి ఆయన సైకిలే పోయింది. వాకిట్లో తాళం వేసిపెట్టిన సైకిలు, తాళంతో సహా మాయం. ఆయన అక్కయ్య ఆ కనపడని దొంగను తిట్టిపోస్తోంది.

"వాడి చేతులు పడిపోను."

"అలా అనకక్కా," అన్నాడు మావయ్య తాపీగా మంచినీళ్ళు తాగుతూ. "పాపం వాడిక్కడ లేడు కదా, తన మాట తను చెప్పుకోవడానికి."

"దొంగకి మాటేమిట్రా?"

"ఎంత అవసరమొచ్చిందో ఏమో. పైగా ఆ సైకిలుకి బ్రేకులు లేవు. తెలియక ఎక్కాడు. ఎక్కడ పడ్డాడోనని నాకు బెంగగా ఉంది."

నాలుగు రోజులకు పోలీసు ఆ దొంగను సైకిలుతో సహా తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. మోచేతులు కొట్టుకుపోయి ఉన్నాయి. మావయ్య వాణ్ణి చెడామడా దులిపేశాడు. చూడలేక పోలీసే, "పోనివ్వండి సార్, బుద్ధొచ్చింది," అన్నాడు. "అదెలా కుదురుతుందండీ? ఈ తాళం చేసినవాడు ఎంత నమ్మకంగా చేసుంటాడు? వాడి పరువేం కావాలి?" అన్నాడు మావయ్య.

ఆయనకు పెళ్ళి కాకపోవడానికీ కారణం ఇదే. సంబంధం మాట్లాడటానికి వెళ్ళిన చోట, అంతకుముందు వచ్చిన కుర్రాణ్ణి ఎందుకు వద్దన్నారో పిల్ల తండ్రి మాటల్లో మాటగా చెప్పాడు. మనిషి మరీ మెతకట, నోట్లోంచి మాట రాదట. మావయ్య కాఫీ కప్పు కిందపెట్టి ఆ కుర్రాడి తరఫున అందుకున్నాడు. మెతకదనంలో ఉన్న సుఖమేమిటో, వాగుడుకాయను చేసుకుంటే వచ్చే కష్టమేమిటో వివరంగా చెప్పాడు. వాగుడుకాయకు ఉదాహరణ ఎదురుగానే కూర్చుని ఉంది కాబట్టి వాళ్ళకు బాగా అర్థమైంది. ఆ పిల్లను ఆ కుర్రాడికే ఇచ్చారు. మావయ్య వెళ్ళి ముందు వరసలో కూర్చుని భోంచేసి వచ్చాడు.

ఇలాంటి మనిషికి దేవుడు ఉద్యోగం కూడా చూసి చూసి ఇచ్చాడు. నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల కౌంటరు. కుళాయి రావడం లేదని జనం వస్తే పైపులవాడి కష్టాలు చెప్పి పంపిస్తాడు. పైపులవాడు వస్తే జనం కష్టాలు చెప్పి పంపిస్తాడు. రెండు పక్షాలూ ఆయన్ను తిట్టుకుంటూనే ఉంటాయి. పనులు మాత్రం ఎలాగో అయిపోతుంటాయి.

అక్కయ్యవాళ్ళ మేడమీద గదిలో ఆయన కాపురం, భోజనం కిందింట్లో. ఆ కిందింట్లోనే ఆయన మేనకోడలుంది. ఆ పిల్లను అందరూ రాయబారి అంటారు. చిన్నప్పుడు అమ్మానాన్నలకు మాటలు లేని రోజుల్లో, "నాన్నా, అమ్మ ఉప్పు తెమ్మంటోంది," "అమ్మా, నాన్న ఉప్పు తెచ్చాడు గానీ నీ కోసం కాదంటున్నాడు," అని గదికీ గదికీ మధ్య తిరిగింది. పేరు అప్పుడు అంటుకుంది. డిగ్రీ అయ్యాక నాన్నగారి కళ్ళజోళ్ళ కొట్లో కూర్చుంటోంది. ఆయన వేళ్ళు ఈమధ్య వణుకుతున్నాయి. ఫ్రేముల్లో నువ్వుగింజంత స్క్రూలు బిగించాలంటే ఆ పిల్ల చెయ్యే పడాలి.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర రాయబారి గొంతు సవరించుకుంది.

"నేను పీజీకి అప్లై చేస్తున్నాను. జాతీయ భద్రత, అంతర్జాతీయ వ్యవహారాలు."

"ఎవరి వ్యవహారాలు?" అంది అమ్మ.

"దేశాలవి."

"మన వ్యవహారాలే తెమలడం లేదు. ముందు ఆ పెరటి తలుపు గొళ్ళెం పడేలా చూడండి, భద్రత తర్వాత చూద్దురుగాని."

నాన్న వద్దనే మనిషి కాదు. "చూద్దాం," అంటాడు. ఆయన చూద్దామన్నవి ఇంతవరకూ ఏవీ ఎవరూ చూడలేదు. ఇప్పుడూ అదే ముక్క అని, చెయ్యి కడుక్కుని కొట్టుకు వెళ్ళిపోయాడు. రాయబారి కంచం పక్కకు జరిపింది. ఆ చదువంటే ఆ పిల్లకు ప్రాణం. కానీ ఆ వణికే వేళ్ళను రోజూ చూస్తోంది. నాన్న నోటితో సరే అంటే తప్ప గడప దాటనని ఎవరూ అడగకుండానే ఒట్టు పెట్టుకుని కూర్చుంది.

నాన్న వెళ్ళాడంటే గదిలో లేడని లెక్క. మావయ్య పెరుగు కలుపుకుంటూ మొదలుపెట్టాడు.

"మీ నాన్న అన్నదాంట్లో తప్పేముందే?"

"ఆయన ఏమీ అనలేదు మావయ్యా."

"అననిదాంట్లో మాత్రం తప్పేముంది? నువ్వు వెళ్ళిపోతే కొట్టెవరు చూస్తారు? పాపం ఆయనిక్కడ లేడు కదా, తన మాట తను చెప్పుకోవడానికి."

అప్పట్నుంచి ఆ ఇంట్లో ఇదే వరస. రాయబారి కనపడితే చాలు, మావయ్య నాన్న పక్షం. ఆ పిల్ల అప్లికేషన్‌తో కుస్తీ పడుతుంటే కుర్చీ లాక్కుని పక్కనే చేరేవాడు. ఎందుకు చదవాలనుకుంటున్నారో ఒక్క పేజీలో రాయమన్నారు. రాయబారి ఒక నది తగాదా మీద రాసింది. ఎగువ దేశం ఆనకట్ట కట్టి నీళ్ళు ఆపేసింది, దిగువనున్న మనం ఏం చెయ్యాలి అని. రాసిన ముక్క పైకి చదివింది.

"ఎగువ దేశం చేసింది అన్యాయం."

"వాళ్ళిక్కడ లేరు కదే," అన్నాడు మావయ్య.

"దేశం ఎలా వస్తుంది మావయ్యా, మనింటికి?"

"అందుకే నేను చెబుతున్నా. మెరక వీధివాళ్ళు ఎప్పుడూ వాల్వు తిప్పుకునేది అన్యాయం చేద్దామని కాదు. రేపు రావేమోనన్న భయం. కడుపు నిండినవాడు ఎవడూ రెండు బిందెలు ఎక్కువ పట్టడు."

రాయబారి విసుక్కుంటూనే ఆ భయం గురించి ఒక వాక్యం రాసింది. దానికి జవాబు రాసింది. మావయ్య ఆ జవాబుకు జవాబు చెప్పాడు. అదీ రాసింది. ఇలా పెరిగి పెరిగి వ్యాసం నాలుగు పేజీలు తేలింది. గడువు చివరి సాయంత్రం కొట్లో కూర్చుని, ఒకపక్క కస్టమర్లకు ఫ్రేములు చూపిస్తూ, ఇంకోపక్క కొట్టేస్తూ కొట్టేస్తూ ఎలాగో ఒక్క పేజీకి తెచ్చి పంపించేసింది. పంపాక ఊపిరి పీల్చుకుని మళ్ళీ చదివింది. తెగిపోయినవన్నీ మన దేశం వాదనలు. మిగిలిందంతా ఎగువ దేశం గోడు. పేజీ మొదటినుంచి చివరిదాకా మావయ్యే మాట్లాడుతున్నాడు.

ఆ రోజుల్లోనే ఒకసారి మావయ్య వేలికి గుడ్డ కట్టుకుని భోజనానికొచ్చాడు.

"ఏమైంది మావయ్యా?"

"కుళాయి," అన్నాడు, అంతకుమించి చెప్పలేదు. ఎవరి పక్షమూ మాట్లాడకుండా ఆయన అన్నం తిన్నది బహుశా ఆ ఒక్క పూటే.

విచిత్రంగా ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. రాయబారి సంతోషించే లోపలే మావయ్య తగులుకున్నాడు. "కొట్టు సంగతి తేలకుండా ఇంటర్వ్యూకి ఎలా వెళ్తావే? మీ నాన్న ఏమనుకుంటాడు?"

రాయబారికి ఎక్కడలేని ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "నాన్నకి నువ్వే నూరిపోస్తున్నావు. నా వ్యాసం నువ్వే పాడుచేశావు. ఇన్నాళ్ళలో ఒక్కసారి, ఒక్క ముక్క నా తరఫున మాట్లాడావా?"

మావయ్య నిజంగానే తెల్లబోయాడు. "నువ్వు ఎదురుగానే ఉన్నావు కదే తల్లీ," అన్నాడు.

అదీ ఒక సమాధానమేనా? చిన్నప్పట్నుంచీ భుజాలమీద మోసిన మనిషి తనకు కాకుండా పోయాడని రాయబారి మనసు విరిగిపోయింది. ఆ పూటనుంచి ఆయనతో మాటలు మానేసింది. రాయబారే అలిగితే మధ్యన కబుర్లు మోసేవాళ్ళెవరూ ఆ ఇంట్లో లేరు.

ఇంటర్వ్యూలో బల్లకు అవతల ముగ్గురున్నారు. మధ్యలో పెద్దావిడ ప్రొఫెసర్, ఒకపక్క సైన్యంలో పనిచేసి రిటైరైన మీసాలాయన, ఇంకోపక్క ఏమీ మాట్లాడకుండా రాసుకునే మనిషి. మీసాలాయన కళ్ళజోడు ఎడమవైపు వదులుగా వేలాడుతోంది. రాయబారి చెయ్యి ఊరుకోలేక దురద పెడుతోంది.

"మీ వ్యాసం చదివి," అంది పెద్దావిడ, "మీరు ఎగువ దేశం తరఫున అప్లై చేశారేమో అనుకున్నామమ్మా."

దాచి లాభం లేదని రాయబారి జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ముగ్గురూ నవ్వారు. మీసాలాయన ముందుకు వంగాడు. "సరే, కొట్టేసిన మన వాదన ఇప్పుడు చెప్పండి, విందాం."

రాయబారి మొదలుపెట్టింది. చెప్పిన ప్రతి ముక్కకూ మీసాలాయన అడ్డం తగిలాడు. ఆ పిల్ల తొణకలేదు. మావయ్య నోట పప్పు దగ్గర ఒకటి, చారు దగ్గర ఒకటి, పెరుగు దగ్గర ఒకటి విని విని అరిగిపోయిన అడ్డాలే అవన్నీ. ఒకదానికైతే ఆయన అడగకముందే జవాబు చెప్పేసి నాలిక్కరుచుకుంది.

"చర్చలకు అవతలి దేశం రాలేదనుకోండి," అన్నాడాయన చివరికి. "అప్పుడేం చేస్తారు?"

"వాళ్ళ కుర్చీలో నేను కూర్చుంటానండి. వాళ్ళేమంటారో మనవాళ్ళకు ముందే వినిపిస్తాను. మనవాళ్ళు నన్ను తిట్టుకుంటారు గానీ, తర్వాత దెబ్బతినరు."

"ఇది ఎక్కడ నేర్చుకున్నారు?"

"మా మావయ్య నీళ్ళ ఆఫీసులో పనిచేస్తారండి," అనేసింది రాయబారి. ఆయనతో మాటలు లేవన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

సీటు వచ్చింది. ఆ కబురు ఫోన్లో చూసుకుని రాయబారి నేరుగా కొట్టుకు వెళ్ళింది. నాన్న ఒక అద్దం గుడ్డతో తుడుస్తున్నాడు.

"నాన్నా, సీటొచ్చింది. నువ్వు వద్దంటే వెళ్ళను."

"వెళ్ళు," అన్నాడు నాన్న.

చూద్దాం అనే మాటకు సిద్ధపడి వచ్చిన పిల్ల, సరిగ్గానే విన్నానా అని ఇంకాస్త దగ్గరకు జరిగింది.

"మీ మావయ్య పోరు పడలేక ఎప్పుడో సరే అనేశాను. నీకింకా చెప్పలేదా వాడు?"

"మావయ్యేమిటి? ఆయన నీ పక్షం కదా."

"నా పక్షమా?" నాన్న అద్దం కిందపెట్టాడు. "నువ్వు పోస్టాఫీసుకో బ్యాంకుకో వెళ్ళావంటే చాలు, వచ్చి ఆ స్టూలు ఎక్కేవాడు. నువ్వు నిజంగా లేవని కర్ర బీరువా వెనక్కి కూడా తొంగిచూసి, 'బావా, పాపం అమ్మాయి ఇక్కడ లేదు కదా, తన మాట తను చెప్పుకోవడానికి,' అని ఎత్తుకునేవాడు. తర్వాత నా చెవులు నావి కావు. మీ అమ్మకు వంటింట్లో ఇదే గొడవ."

రాయబారి ఆ స్టూలు మీద కూర్చుండిపోయింది.

"స్క్రూలెవరు బిగిస్తార్రా అన్నాను ఒకరోజు. నేను బిగిస్తానని స్క్రూడ్రైవరు లాక్కున్నాడు. మూడు ఫ్రేములు విరిచాడు, వేలు పొడుచుకున్నాడు. అవి నీ కంట పడకుండా దాచలేక నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు బాగానే బిగిస్తున్నాడులే. ఆఫీసు అవగానే వచ్చి రోజూ కూర్చుంటానంటున్నాడు."

నువ్వు ఎదురుగానే ఉన్నావు కదే తల్లీ అన్నమాట అప్పుడు అర్థమై, రాయబారికి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. మనిషి ఏడుస్తోందో నవ్వుతోందో నాన్నకు తెలియలేదు. సరిగ్గా అప్పుడే మావయ్య కొట్టు మెట్లెక్కుతూ కనిపించాడు.

"సీటొచ్చింది మావయ్యా," అంది గబుక్కున లేచి.

మావయ్య ముఖం వెలిగిపోయింది. ఒక్క క్షణమే. చుట్టూ చూసుకుని, అలవాటు గొంతుతో అన్నాడు: "బాగానే ఉంది గానీ, నువ్వు లేకపోతే ఆ సీటు ఇంకెవరికో వచ్చేది. పాపం ఆ పిల్లాడెవరో ఇక్కడ లేడు కదా."

రాయబారి వెళ్ళి ఆయన కట్టు విప్పిన వేలు పట్టుకుని, వదల్లేదు.

హాస్టల్లో చేరాక మొదటిసారి ఇంటికి ఫోన్ చేస్తే, మావయ్యకు పెద్ద చిక్కొచ్చిపడింది. ఫోన్లో ఉన్న మనిషి గదిలో ఉన్నట్టా, లేనట్టా? ఎటూ తేల్చుకోలేక, "ఆ, ఆ," అంటూ నీళ్ళు నమిలాడు. ఈ నెల సెలవు దొరకదు, రాలేనని రాయబారి చెప్పింది. ఇక ఉంటానంది. అంది గానీ, ఫోన్ కట్ చెయ్యలేదు. అవతల నాన్న ఫోన్ బల్లమీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"చూశావుట్రా, అప్పుడే మనల్ని మర్చిపోయింది," అన్నాడు నాన్న.

"అదేం మాట బావా," అన్నాడు మావయ్య. పెరుగు కలుపుకుంటున్నట్టున్నాడు. "వస్తే పాఠాలు పోతాయని ఎంత నలిగిపోయి చెప్పిందో. పాపం అమ్మాయి ఇక్కడ లేదు కదా, తన మాట తను చెప్పుకోవడానికి."

రాయబారి ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని, కిమ్మనకుండా కూర్చుంది. నోరు విప్పిందంటే తను అక్కడున్నట్టు తెలిసిపోతుంది. మావయ్య ఆ పిల్లను అక్కడికక్కడే వదిలేసి, ఇంకా ఎవరు లేరా అని చుట్టూ చూస్తాడు.