ఒక్కరికి ఒక సెంటు

ఒక్కసారి పూసుకోవడానికి సరిపోయే సెంటును సన్నటి గాజు గొట్టాల్లో నింపి, మూత బిగించి, అట్టముక్కకు తగిలించడం అప్పట్లో నా పని. హైటెక్ సిటీ ఆఫీసుల ముందు వాటిని ఉచితంగా పంచాలి. కారుతున్నాయేమోనని ప్రతి గొట్టాన్నీ కాగితం మీద తలకిందులుగా పెట్టి చూసేదాన్ని. నా భయమంతా అదే.

పంచాల్సిన రోజు పొద్దున, కడపలో స్థలాల వ్యాపారం చేసే మా నాన్న నా దగ్గరికి వచ్చి ఉన్నాడు. నేను అచ్చు వేయించిన అట్ట చదివాడు: “ఒక్కరికి ఒక సెంటు ఉచితం.”

“ఈ సెంటు యాడుందిమ్మా? సర్వే నంబరెంత?” అన్నాడు. నవ్వులేదు మొహంలో.

మా వైపు సెంటంటే ముందు గుర్తొచ్చేది ఎకరంలో నూరోవంతు నేలే. అట్టలు మార్చే వ్యవధి లేదు.

అనుకున్నంతా అయింది. గేటు దగ్గర అందరూ ప్లాట్లు అమ్మే కాగితమనుకుని నన్ను తప్పుకుని పోతున్నారు. చివరికి అక్కడ ఊడ్చే, దగ్గర్లోని ఖాజాగూడ పెద్దావిడ చెయ్యి చాపింది.

“ఇది భూమి కాదమ్మా, పూసుకునే సెంటు,” అన్నాను కంగారుగా.

“నాకెర్కే బిడ్డా. భూమి గిట్ల ఫుకట్ల ఎవరిస్తరు? గీ బిల్డింగ్ కింద మాది రెండెకరాలుండె,” అంది, మణికట్టుకు పూసుకుని వాసన చూసుకుంటూ.