సముద్రానికి జనం రాని కార్తీకం

మొన్న టీవీలో, కాల్పులు జరిగిన ఏదో విహారస్థలంలో ఖాళీగా కట్టేసి ఉన్న పడవలనూ, పక్కనే చేతులు ముడుచుకు కూర్చున్న పడవవాళ్ళనూ చూపించారు. పోయినవాళ్ళను తలుచుకుని కన్నీళ్ళు ఎలాగూ వచ్చాయిగాని, ఆ కూర్చున్నవాళ్ళను చూడగానే బాపట్ల దగ్గర సూర్యలంకలోని మా మావయ్య గుర్తుకొచ్చాడు.

డెబ్భైల మొదట్లో నేను బాపట్లలో పంతులమ్మగా చేరిన కొత్తలో, మా మేనత్తా మావయ్యా సముద్రపొడ్డున తాటాకుల పాకలో చిన్న హోటలు నడిపేవారు. మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, కార్తీకం వస్తే తెనాలి నుంచీ రేపల్లె నుంచీ జనం రైళ్ళ నిండా స్నానాలకు వచ్చేవారు; తడిబట్టలతోనే పాకలో కూర్చుని అత్త వండిన పప్పన్నం తినేవారు. ఆ నెల బేరమే వాళ్ళకు ఏడాది తిండి.

ఆ ఏడు కార్తీకానికి కాస్త ముందు, మా లైన్లోనే ఒక చిన్న స్టేషన్లో ఎవరో సంచిలో వదిలిపోయిన బాంబు పేలి ఒక తల్లీ బిడ్డా పోయారు. ఎవరు పెట్టారో, ఎవరి మీద కోపమో తేలనే లేదు. రైళ్ళు నడిచాయిగాని స్నానాలకు దిగేవాళ్ళు లేరు. మావయ్య రోజూ పొద్దున్నే బాపట్ల స్టేషనుకు వెళ్ళి, దిగిన ఒకరిద్దరినీ "సముద్రం దగ్గర ఏ భయమూ లేదండి, రండి" అని బతిమాలేవాడు. వాళ్ళు సంచులు గుండెలకు హత్తుకుని పక్కకు తప్పుకునేవారు.

రోజూ ఎవరో మనిషి ప్లాట్‌ఫారం మీద తచ్చాడుతున్నాడని ఒకరు చెబితే, పోలీసులు మావయ్యను తీసుకెళ్ళారు. నేను పరుగున వెళ్ళి, మా మావయ్యండి, హోటలు మనిషండి అని ఎంత చెప్పినా, కనుక్కుని పంపిస్తామన్నారే తప్ప వదల్లేదు. సాయంత్రం బయటికొచ్చిన మావయ్య, "నన్ను చూసి కూడా భయపడుతున్నారేంటమ్మా?" అన్నాడు. 

ఆయన మళ్ళీ స్టేషను వైపు వెళ్ళలేదు. అత్త మాత్రం కొన్నాళ్ళు వండి, ఎవరూ రాక, పక్క బెస్తవాళ్ళ పిల్లలకు పెట్టేసేది. చివరికి పాక విప్పేసి, రేపల్లెలో మరిదిగారి బియ్యం మిల్లులో పనికి వెళ్ళిపోయారు. మరుసటేడు జనం ఎప్పటిలాగే వచ్చారు. ఆ చోట మరెవరిదో హోటలు. ఆ సంగతి చెబితే మావయ్య "మంచిదేగా, వస్తున్నారు" అని, బస్తా కుట్టుకుంటూ ఉండిపోయాడు.

ఇప్పుడు ఎక్కడికెళ్ళినా మా మనవరాలు ఎవరూ అడక్కముందే సంచి విప్పి చూపిస్తుంది. అది జాగ్రత్తే, కాదనను. కానీ ముక్కూమొహం తెలియని మనిషి ఎదురొచ్చి పిలిస్తే పిల్లాజెల్లాతో ఆయన వెంట నిశ్చింతగా నడిచిపోయిన రోజులు మనవి. అవి మన కళ్ళముందే పోతుంటే ఆపడం మనలో ఎవరికీ చేతకాలేదు.