బండదుంప పొడిలో దొరికిన మందు

మే పన్నెండు, ఉదయం తొమ్మిదీ ఇరవై. ఆ పిల్ల ఫోను వచ్చిన సమయం నా నోటుబుక్కులో ఉంది. దాని కింద రాసుకున్న అక్షరాలు మాత్రం ఇప్పుడు నాకే అర్థం కావడం లేదు.

ఆ పిల్ల మా అక్క మనవరాలు. విశాఖపట్నంలో మొక్కల్లో ఉండే రసాయనాల మీద పరిశోధన చేస్తోంది. మా ఊరి సాక్చీ బజారులో కొండల నుంచి వచ్చే ఒకామె అమ్మే దుంప గురించి తనకు చెప్పింది నేనే. దల్మా కొండ బండల మీద తప్ప ఇంకెక్కడా మొలవదట. దాని అసలు పేరు నాకు నోరు తిరగక 'బండదుంప' అని రాసుకున్నాను. షుగరు బిళ్లలు మానేసి, దాన్ని ఎండబెట్టి, పొడి కొట్టి, ఏడు నెలల పాటు రోజూ పరగడుపున ఒక చెంచా నీళ్లలో కలుపుకుని తాగాను. వేలు గుచ్చుకుని చూసిన షుగరు అంకె ప్రతిరోజూ తేదీతో సహా రాశాను. నూట పది, నూట పదిహేను, నూట ఎనిమిది. దీని మీద ఎవరూ పని చేసినట్టు లేదు, పొడి పంపమంది ఆ పిల్ల. వంద గ్రాములు తూచి పంపాను. నా అంకెలు ఎప్పటికైనా అచ్చులో చూసుకోవచ్చని ఆశపడ్డాను.

"అమ్మమ్మా, ఇందులో నువ్వు మానేసిన బిళ్లే ఉంది" అంది ఫోనులో. "దుంపలో ఏముందో మాకేమీ తెలీలేదు."

అప్పటికప్పుడు ఆటో ఎక్కి సాక్చీ వెళ్లి, నలుగురిలో ఆ దుంపలామెను మోసగత్తె అన్నాను. ఆమె అరవలేదు. మట్టి వదలని దుంప ఒకటి నా ముందు విరిచి చూపించి, తను ఇచ్చేది ఇదేనని, పొడి కొట్టుకున్నది నేనేనని హిందీలో నెమ్మదిగా చెప్పింది.

నిజమే. మా మిక్సీలోనే కొట్టాను. మా వంటింటి సీసాలోనే పోశాను. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరమే.

గోవింద్‌పూర్‌లోని మా ఇంటికి చేరగానే నోటుబుక్కు మొదటి నుంచి తిరగేశాను. ఫిబ్రవరిలో తొమ్మిది రోజులు వరసగా రెండు వందలు దాటింది. పక్కన 'చిలగడదుంపలు తిన్నందువల్ల' అని నా చేత్తోనే రాసి ఉంది. ఆ తొమ్మిది రోజులూ మా ఆయన పెళ్లికని శ్రీకాకుళం వెళ్లారు. ఆయన రైలెక్కిన రోజే నేను కొత్త పొడి కొట్టి సీసా నింపాను.

ఆ అంకెల మీద వేలు పెట్టి ఆయనకు చూపించాను. ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు.

"ఏటి సెయ్యమంతావు? మింగమంటే మింగవు. పొడి కొట్టినప్పుడల్లా నీ బిళ్లలు నూరి, లెక్కేసి కలిపీసినాను."

"ఏం లెక్క?"

"సెంచాకో బిళ్ల. లెక్కలు నీ దగ్గిరే కదా నేర్సుకున్నాను."

నేను పేజీ తిప్పాను. మార్చి నాలుగు, యాభై రెండు. ఒళ్లంతా చెమటలు పట్టి స్నానాలగది గుమ్మంలో పడిపోయిన రోజు. 'ఉపవాసం వల్ల' అని రాసుకున్నాను. చెంచాకొకటి చొప్పున సీసాలో కలిపితే ప్రతి చెంచాలోకీ ఒకటే వస్తుందా అని అడిగాను. ఆ రోజు నన్ను లేపి మంచం మీద పడుకోబెట్టింది ఆయనే.

మర్నాడు పొద్దున్న బిళ్ల ఆయన చేతిలోంచే తీసుకుని మింగాను. తర్వాత ఇద్దరం సాక్చీ వెళ్లాం. ఆమెను క్షమించమని అడిగి, పొడి కొట్టని దుంపలు కిలో కొని విశాఖపట్నం పంపాం.

నోటుబుక్కులో ఏడు నెలల అంకెలూ కొట్టేశాను, ఆ తొమ్మిది రోజులవి తప్ప. బండదుంప గురించి నా దగ్గరున్న నిజమైన లెక్క అంతే.